ధర్మపురి కొండమీద ఓడ కిటికీ

మల్లచంద్రం కొండెక్కితే మొదట కనిపించేవి బండలే. కాసేపు చూస్తే, వాటిలో కొన్ని వాటంతటవి పడి ఉన్నవి కావనీ, ఎవరో పేర్చినవనీ తెలుస్తుంది. నిలువుగా నాలుగు రాతి పలకలు, వాటి నెత్తిన ఒక పెద్ద బండ, చుట్టూ కాపలా నిలబడ్డట్టు మరికొన్ని పలకలు. పిల్లలు పేకముక్కలతో కట్టే ఇల్లు గుర్తొస్తుంది. ఈ పేకముక్కను మాత్రం నలుగురు మగవాళ్ళు కలిసి తోసినా జరగదు. నిలువు పలకల్లో ఒకదానికి గుండ్రటి కన్నం ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని అందులోకి తొంగి చూడబోతుంటే మేకలు కాసుకుంటున్న పెద్దాయన వెనక నుంచి కేకేశాడు.

“పాండవుల గుళ్ళు సామీ అవి. లోపల పాములుంటాయి, చూసుకో.”

మల్లచంద్రం ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉంది. 2004లో కృష్ణగిరి విడిపోయేదాకా ఈ కొండలన్నీ ధర్మపురి జిల్లావే. ఆ ధర్మపురి కూడా 1965లో సేలం నుంచి విడివడిందే. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే సంతలో వినిపించే ప్రాంతం ఇది. తెలుగు నేలమీద ఇలాంటి వాటిని రాక్షస గుళ్ళనీ అంటారు. కట్టినవాళ్ళు ఎవరో మరిచిపోయాక జనం ఆ పని భీముడికో రాక్షసుడికో అప్పగించారు.

నిజానికి ఇవి సమాధులు. పురావస్తు శాస్త్రవేత్తలు వీటి కన్నానికి ఒక పేరు పెట్టారు. ఈ సమాధుల గురించి వాళ్ళు రాసిన ఏ నివేదిక తిరగేసినా అది కనబడుతుంది: పోర్ట్‌హోల్. అంటే ఓడకుండే గుండ్రటి కిటికీ. సముద్రం ఇక్కడికి దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల నీటిమీద తేలేది ఏదైనా ఉందంటే అది హొగెనకల్ దగ్గర కావేరిలో తిరిగే పుట్టి ఒక్కటే. పుట్టికి కిటికీ ఎక్కడిది? ఆకాశమంతా దానికి కిటికీయే. అలాంటిచోట ఓడ మాట కొండెక్కి ఎలా కూర్చుంది? ఈ మాట మీద నాకు పట్టుకున్న పిచ్చి అక్కడే మొదలైంది.

విశాఖ పోర్టు, కాకినాడ పోర్టు అనుకుంటూ పెరిగినవాళ్ళం కాబట్టి పోర్ట్‌హోల్‌లోని పోర్టు కూడా రేవే అనుకుంటాం. కాదు. రేవు అనే అర్థమున్న పోర్టు లాటిన్‌లోని పోర్టుస్ నుంచి వచ్చింది. ఈ పోర్టుకు మూలం పోర్టా, అంటే ద్వారం. లాటిన్‌లో ఆ రెండు మాటలూ దూరపు చుట్టాలే కావచ్చు గానీ ఓడవాళ్ళ నోట ఎవరి దారి వారిదే. ఇవి చాలవన్నట్టు ఓడ ఎడమ పక్కకు కూడా పోర్టు అనే పేరు. కుడి పక్క స్టార్‌బోర్డు, ఎడమ పక్క లార్‌బోర్డు అనుకునే రోజుల్లో గాలివానలో ఒకటి అరిస్తే ఇంకోటి వినబడేది. అందుకని బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డును పక్కన పెట్టి పోర్టు అనమంది. ఇండియాకు వెళ్ళేటప్పుడు ఎడమ గది, తిరిగి వచ్చేటప్పుడు కుడి గది తీసుకున్న దొరల టికెట్ల మీద వేసిన నాలుగు అక్షరాల నుంచే పాష్ అనే మాట పుట్టిందని ఒక కథ ఉంది. ఆ ముద్ర ఉన్న టికెట్టు ఇప్పటిదాకా ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. కథ మాత్రం చావదు.

సరే, ద్వారం. ఎవరికి ద్వారం? మనిషికి కాదు, ఫిరంగికి. 1500 ప్రాంతం నుంచి యూరప్ యుద్ధనౌకలు బరువైన ఫిరంగులను పై అంతస్తులో పెడితే ఓడ తూలిపోతోందని కింది అంతస్తుకు దించాయి. ఫిరంగి గొట్టం బయటికి రావాలంటే ఓడ పక్కగోడకు కన్నం పెట్టాలి. ఆ గోడేమో నీటికి ఆనకట్ట. మన రైతుకు ఈ చిక్కు కొత్తది కాదు. చెరువుకట్టకు కన్నం పెట్టకపోతే నీళ్ళు పొలానికి రావు, పెట్టి వదిలేస్తే చెరువు నిలవదు. అందుకే తూము కట్టి దానికి మూత పెట్టుకున్నాడు. ఓడవాళ్ళు చేసిందీ అదే. కన్నానికి పైన కీలు, కీలుకు బరువైన చెక్క మూత, ఎత్తడానికి తాడు. పోర్టు అంటే అసలు అది: ఓడ గోడలో తూము. కిటికీ అనే ఊహ అప్పటికింకా ఎవరి తలలోనూ లేదు.

తూము మూత మరిచిపోతే ఏమవుతుందో రెండు ఓడలు చూపించాయి. 1545 జులై 19న ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చూస్తుండగానే మేరీ రోజ్ ఒక పక్కకు ఒరిగింది. కింది వరస పోర్టులు తెరిచే ఉన్నాయి. నీళ్ళు వాటిగుండా లోపలికి వచ్చాయి. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులో వాసా అనే కొత్త ఓడ తొలి ప్రయాణంలోనే, ఒడ్డున జనం చూస్తుండగా, ఒక గాలి విసురుకు ఒరిగి తెరిచి ఉన్న పోర్టుల్లోంచి నీళ్ళు మింగి మునిగింది. వాసాను 1961లో పైకి తీశారు. దాని పక్కగోడల్లోని ఆ చదరపు కన్నాలను నేటికీ స్టాక్‌హోం మ్యూజియంలో చూడొచ్చు. చదరపువి, గుండ్రటివి కావు. చెక్క ఓడల్లో పలకల మధ్య నుంచి కోసేటప్పుడు చదరమే వీలు.

ఫిరంగులు పోయాయి, మాట మిగిలింది. గాలికీ వెలుతురుకూ పెట్టిన చిన్న కన్నాలకు అద్దాలు బిగించి వాటినీ పోర్ట్‌హోల్ అనసాగారు. అయితే బ్రిటిష్ పద్ధతిలో చదువుకున్న ఓడ ఇంజనీరు ఈ మాట వాడడు, స్కటిల్ అంటాడు. అదే మాటకు క్రియగా ఇంకో అర్థం ఉంది: కావాలని కన్నాలు పెట్టి సొంత ఓడను ముంచేయడం. కిటికీకీ ముంపుకూ ఒకే మాట పెట్టుకున్న జాతికి కిటికీ మీద ఎంత నమ్మకముందో చూడండి. స్కటిల్‌కు లోపలివైపు కీలుమీద ఒక ఇనప మూత ఉంటుంది. దాని పేరు డెడ్‌లైట్. అద్దం పగిలితే నీటికి అడ్డం పడేది అదే. తుపాను కబురు రాగానే సరంగు ముందు దాన్నే వేయిస్తాడు.

ఇనపఓడల కాలం వచ్చేసరికి కన్నం గుండ్రమైంది. దానికి కారణం అందం కాదు. ఓడ సముద్రంలో కావడిబద్దలా వంగుతూ ఉంటుంది. అల నడుము కిందికి వస్తే రెండు కొసలూ వాలతాయి, రెండు అలల మీద రెండు కొసలూ ఆనితే నడుము కుంగుతుంది. రోజుకు వేలసార్లు ఇలా. వంగినప్పుడల్లా పక్కరేకు సాగుతుంది, నొక్కుకుంటుంది. ఆ సాగదీసే బలం రేకు గుండా కావేరి నీళ్ళలా పారుతుందనుకోండి. దారిలో కన్నం వచ్చింది. నీళ్ళు హొగెనకల్‌లో నున్నటి గుండ్రాయిని చుట్టి పోతాయే, బలమూ అలాగే చుట్టి పోవాలి. కన్నం అంచున అది కిక్కిరుస్తుంది. ఎంత? 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు లెక్క తేల్చాడు: గుండ్రటి కన్నం అంచున బలం మామూలుకు సరిగ్గా మూడింతలు. కన్నం చిన్నదైనా పెద్దదైనా అంతే. 1913లో ఇంగ్లిస్ అనే ఇంగ్లీషాయన ఇంకో మెట్టెక్కాడు. కన్నం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఏమిటని అడిగాడు. బలానికి అడ్డంగా నాలుగింతలు పొడవైన కన్నమైతే ఆ మూడు కాస్తా తొమ్మిదవుతుంది. పదునైన మూల అంటే పొడవు ఎక్కువై వెడల్పు ఏమీ లేని గుడ్డు. అక్కడ లెక్క కొండెక్కుతుంది. ఇంగ్లిస్ ఈ వ్యాసం చదివింది గణితజ్ఞుల సభలో కాదు, ఓడల ఇంజనీర్ల సభలో.

ఈ సంగతి చెప్పులు కుట్టేవాడికి కిర్ష్ కంటే ముందే తెలుసు. బెల్టుకు కన్నం వేయమంటే గుండ్రటి పంచి తీస్తాడు గానీ కత్తితో గాటు పెట్టడు. గాటు పెడితే అది కొసదాకా చిరుగుతుందని వాడికి చేతివేళ్ళతో తెలుసు. వెల్డింగు షాపుల్లో ట్రాక్టరు రేకుకు బీట వస్తే బీట కొసన ముందు చిన్న రంధ్రం తొలుస్తారు. బీట ఆ రంధ్రంలోకి వచ్చి ఆగిపోతుంది. పదునైన కొసను గుండ్రం చేయడమంటే అదే.

పుస్తకాల్లో ఉన్న లెక్కను గాలిలో మరిచిపోయిన సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి మధ్యధరా సముద్రం మీద ముక్కలైపోయాయి. అలాంటిదే ఇంకో కామెట్‌ను నీళ్ళతొట్టిలో పెట్టి లోపలి పీడనం పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. సముద్రంలోంచి ఏరిన శకలాలనూ చూశారు. పీడనం మారినప్పుడల్లా కిటికీల మూలల దగ్గర లోహం అలిసిపోతోందని తేలింది. మొదటి విమానంలో బీట పుట్టింది ప్రయాణికుల కిటికీ దగ్గర కూడా కాదు, పైకప్పు మీద యాంటెన్నా కోసం కోసిన కిటికీ దగ్గర. మీరు విమానంలో పక్కసీటు కోసం పోట్లాడుకునే ఆ గుండ్రటి మూలల కిటికీ వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు కొలతలు. అంతర్జాతీయ లోడ్‌లైన్ నిబంధనల ప్రకారం గుండ్రంగానో కోలగానో ఉండి 0.16 చదరపు మీటర్లకు మించని కన్నమే సైడ్ స్కటిల్. మించితే దానికి విండో అని పేరు, దానికి వేరే షరతులు. 0.16 అంటే మనకు చప్పున అందదు. వృత్తంగా గీస్తే అడ్డకొలత 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర. నడివయసు మనిషి భుజాలు ఏటవాలుగా పెట్టుకుంటే దూరేంత. ఈ అడుగున్నరను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. ఆ కన్నం ముందు ఒక్క మీటరు ఎత్తు నీళ్ళు నిలబడితే అద్దం మీద పడే బరువు 160 కిలోలు, అంటే ఇద్దరు బలమైన మనుషులు. నూరు మీటర్ల లోతులో 16 టన్నులు. విశాఖ బీచిలో 2002 నుంచి మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్ళిన పిల్లలు కిటికీలేవని వెతుకుతారు. 91 మీటర్ల పొడుగున ఒక్కటీ ఉండదు. లోతుకు పోయేవాడు చూడాలనుకోడు, వింటాడు.

కిటికీ నీటికి ఎంత పైన ఉండాలన్నదీ చట్టమే చెబుతుంది. ప్రయాణికుల ఓడ గరిష్ఠంగా మునిగే గీత నుంచి ఓడ వెడల్పులో నూటికి రెండున్నర వంతో, 500 మిల్లీమీటర్లో, ఏది ఎక్కువైతే అంత ఎత్తుకు దిగువన స్కటిల్ పెట్టకూడదు. ఇలాంటి నియమాల మొదటి కట్ట టైటానిక్ తర్వాత 1914లో తయారైంది. అయితే కాగితం మీది నియమానికీ ఉక్కపోతకూ పడదు. టైటానిక్ చెల్లెలు బ్రిటానిక్‌ను అక్క అనుభవంతో అడ్డుగోడలు ఎత్తు పెంచి మరీ కట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో అది ఆసుపత్రి ఓడ. 1916 నవంబరు 21న గ్రీసు దగ్గర మందుపాతరకు తగిలింది. వార్డులకు గాలి ఆడాలని నర్సులు కింది వరస కిటికీలు తెరిచి ఉంచారు. ఓడ ఒరగగానే నీళ్ళు వాటిలోకి వచ్చాయి. టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది, బ్రిటానిక్‌కు 55 నిమిషాలు. పగటిపూట కావడం, పడవలు సరిపడా ఉండడం వల్ల వెయ్యిమందికి పైగా బతికారు, 30 మంది పోయారు. నర్సులను తప్పుపట్టలేను. ఏసీలు లేని కాలంలో ఎర్రసముద్రం దాటే ఓడల్లో కిటికీలోంచి గాలిని లోపలికి మళ్ళించడానికి రేకు డొప్పలు బయటికి పెట్టేవారు. గాలి కోసం మనిషి ఏమైనా చేస్తాడు.

మనవాళ్ళకు ఆ బాధ కూడా లేదు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లెక్కి రంగూను వెళ్ళిన కూలీలు డెక్కు ప్రయాణికులు. వాళ్ళ చోటు చాపమీద, ఆకాశం కింద. బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగి రేవు పేరుమీద కోరంగీలనే పేరొచ్చింది. కిటికీ ఉన్న గది మాత్రం వాళ్ళలో ఎంతమందికి దక్కి ఉంటుంది! పోర్ట్‌హోల్ అనే వస్తువుకు తెలుగులో సొంత మాట పుట్టకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

మళ్ళీ కొండ మీదికి వద్దాం.

ఈ సమాధుల కట్టుబడి గురించి బాగా తెలిసింది బ్రహ్మగిరి తవ్వకాల్లో. అది కర్ణాటకలో మొళకాల్మూరు దగ్గర, మన రాయదుర్గానికి పొరుగున ఉంది. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వాడు. నాలుగు పలకలను పెట్టెలా మూలకు మూల ఆనించలేదు. ఒక్కో పలక కొస పక్క పలకను దాటి బయటికి పొడుచుకొచ్చేలా, పైనుంచి చూస్తే స్వస్తికలా నిలబెట్టారు. బయటి మట్టి లోపలికి తోసినకొద్దీ ప్రతి పలకా పక్కదాన్ని బిగిస్తుంది. సున్నం లేదు, మేకు లేదు. తూర్పు పలకకు గుండ్రటి కన్నం, అడ్డకొలత అడుగున్నర నుంచి రెండడుగులు. ఓడల చట్టం గీసిన గీత దగ్గరికే వచ్చాం. యాదృచ్ఛికమేమీ కాదు, రెండింటికీ కొలబద్ద మనిషి ఒళ్ళే. లోపల ఒకరివి కాదు, చాలామంది ఎముకలు దొరికాయి. మాంసం పోయాక ఏరి తెచ్చిపెట్టినవి. కన్నానికి బయట ఒక పలక మూత.

మూత! నన్ను అక్కడే కూర్చోబెట్టింది ఆ ఒక్క వివరమే. కన్నాన్ని పోర్ట్‌హోల్ అన్న పండితుడు దాని గుండ్రతనం చూసి అన్నాడు. లోపలివాళ్ళకు చూడాల్సిందేమీ లేదు గనక కిటికీ పోలిక నిజానికి అతకదు. కానీ ఆ మాట పాత అర్థం తీసుకుంటే అంత సరైన పేరు ఇంకోటి లేదు: గోడలో ద్వారం, ద్వారానికి మూత, అవసరమైనప్పుడే తెరవాలి. కుటుంబంలో ఇంకొకరు పోయినప్పుడు నెత్తిన ఉన్న టన్నుల బండను ఎత్తకుండా పక్కనుంచి మూత జరిపి ఎముకలు లోపల పెట్టొచ్చు. జర్మన్ పండితులు ఇలాంటి కన్నాలకు ఆత్మ రంధ్రమని పేరు పెట్టారు. కాకసస్ కొండల్లోని సమాధులకూ గుండ్రటి కన్నమూ, సీసాకు బిరడాలా రాతి బిరడా ఉన్నాయి. ఆత్మ సంగతి నేను చెప్పలేను గానీ, ఆత్మకు రెండడుగుల దారి అక్కర్లేదనిపిస్తుంది. అది ఎముకలు మోసుకొచ్చినవాడికి కావాల్సిన దారి.

రాయిలో గుండ్రం ఎందుకు? గ్రానైటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. లాగుడులో దాని బలం నొక్కుడులో ఉన్నదాంట్లో పదోవంతు కూడా ఉండదు. పైన బండ బరువు, పక్కన మట్టి తోపు. చదరంగా కొడితే మూల దగ్గర బీట పుట్టి పలక రెండవుతుంది. రాళ్ళు కొట్టే వాళ్ళకు ఇది పలక పగిలినప్పుడల్లా తెలిసొచ్చి ఉంటుంది. దెబ్బ తర్వాత దెబ్బగా రాతిని పొడి చేసుకుంటూ పోతే చేతికి సులువుగా వచ్చే ఆకారమూ గుండ్రమే. ఆ దెబ్బ వేయడానికి కావాల్సిన ఇనుము మాత్రం ఈ నేలకు కొత్త కాదు. ఇదే కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సమాధులు దానికి చాలా తర్వాతివి, స్థూలంగా మూడు వేల ఏళ్ళకూ రెండు వేల ఏళ్ళకూ మధ్య.

ఇక తెలుగు మాట. మనకు గవాక్షం ఉంది. గవ్ అంటే ఆవో ఎద్దో, అక్షం అంటే కన్ను. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రటి చైత్యం ముఖద్వారం మీద, చెక్కతో కట్టినట్టే రాయిలో చెక్కిన గుర్రపులాడం ఆకారపు కమాను ఉంది. ఆ ఆకారం తర్వాత చిన్నదై గుళ్ళ చూరుల మీద వరసగా కూర్చుంది. శిల్పులు దాన్నే గవాక్షమన్నారు, తమిళ స్థపతులు కూడు అంటారు. ఇప్పుడు జర్మన్‌లో ఓడ కిటికీని ఏమంటారో చూడండి: బుల్‌ఆవుగె, ఎద్దు కన్ను. స్పానిష్‌లో ఓహో దె బువేయ్, అదీ ఎద్దు కన్నే. డేనిష్‌వాళ్ళు ఆవు కన్ను అంటారు. సంస్కృతం నుంచి వాళ్ళు తీసుకున్నదేమీ లేదు. పశువుల మధ్య బతికిన జనానికి గుండ్రటి కన్నం చూసినప్పుడల్లా ఎదురుగా గాటికి కట్టేసిన జంతువే గుర్తొచ్చింది. జర్మన్ ఇల్లాలు బట్టలుతికే మిషను ముందు తలుపునూ బుల్‌ఆవుగె అనే అంటుంది. ఫ్రెంచివాళ్ళు మాత్రం ఉబ్లో అంటారు, ఆ పేరుతోనే ఓడ కిటికీ ఆకారంలో ఖరీదైన గడియారాలు వచ్చాయి.

కాబట్టి ఓడ కిటికీని గవాక్షమని రాసేవాళ్ళను నేను తప్పుపట్టను. కాకపోతే అది అద్దం బిగించిన తర్వాతి పేరు, ప్రయాణికుడి పేరు. డెడ్‌లైట్ వేసేవాణ్ణి అడిగితే తూమే నయమంటాడని నాకనిపిస్తుంది.

పొద్దు వాలుతుంటే పెద్దాయన మేకలను మళ్ళేశాడు. పెద్దవి కొండ దిగాయి. రెండు బుజ్జి పిల్లలు మాత్రం నేను తొంగి చూసిన కన్నంలోంచి లోపలికి దూకి అక్కడే గెంతుతున్నాయి. వానకీ ఎండకీ వాటికది అలవాటైన కొట్టంలా ఉంది. పాముల సంగతేమిటని అడిగితే నవ్వాడు. కిందికి పోయి తల్లులకు నీళ్ళు పెట్టి మళ్ళీ వస్తానన్నాడు. ఈలోగా నక్క రాకుండా పక్కనున్న తుమ్మకంపను కర్రతో ఈడ్చి కన్నానికి అడ్డంగా వేసి, కాలితో నొక్కి సరిచూసుకుని దిగిపోయాడు.